నాన్నను ఆ గ్రూపు ‘గురువుగారూ’ అంటోంది

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నాన్న లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అమ్మ పోయి రెండేళ్లయింది. అప్పట్నుంచి ఆయనకి ఫోనే లోకం. టీకాలేస్తే పెద్దయ్యాక పిల్లలు పుట్టరట, అదంతా విదేశీ కుట్రట. మా బాబుకి పదో నెల నడుస్తోంది, తొమ్మిది నెలలకి వేసే టీకా వేయించనివ్వడం లేదు. తెలుగువాళ్లని ఇక్కణ్నుంచి తరిమెయ్యడానికి లిస్టు తయారవుతోందని, పక్కింటి ఒడియా మాస్టారితో మాటలు మానేశారు. ఇద్దరూ ఒకే బడిలో పనిచేశారు. రాత్రి అన్నాల దగ్గర వీడియోలు పెట్టి వినిపిస్తారు. కాదంటే కేకలు. ‘గ్రూపులో అందరూ నన్ను గురువుగారూ అంటారు, మీకే నేను లోకువ’ అంటారు. మా ఆయన ఉద్యోగం చెన్నైలో. ఏం చెయ్యను?

జవాబు: అమ్మా, ముందు బాబు సంగతి. టీకాకి నాన్నగారు ఒప్పుకునేదాకా ఆగకండి. తట్టు, రుబెల్లాలకి వేసే ఆ ఎమ్మార్ టీకా ఇప్పుడైనా వేస్తారు, ఆలస్యమైందని కంగారు పడకండి. ఆశా దీదీని అడిగి వచ్చే టీకాల రోజున తీసుకెళ్లండి. దొంగచాటుగా మాత్రం వద్దు. ‘నాన్నా, రేపు బాబుకి టీకా వేయిస్తున్నాను’ అని ముందురోజే చెప్పి, వాదనలోకి దిగకుండా లేచి వెళ్లిపోండి. తట్టంటే నాలుగురోజుల జ్వరం, ఒంటిమీద పొక్కులు అనుకుంటాం గానీ, అది న్యుమోనియాలోకీ మెదడువాపులోకీ దింపగలదు.

ఆయన నమ్మిన పుకారు పాతదే. 2017లో తమిళనాడు, కర్ణాటకల్లో ఇదే టీకా వేస్తున్నప్పుడు వాట్సాప్‌లో ఇలాంటి భయాలే తిరిగాయి. అంతకుముందు పోలియో చుక్కల మీద కూడా పిల్లలు పుట్టరన్న మాటే పుట్టించారు. 1995లో పల్స్ పోలియో మొదలైంది. అప్పుడు చుక్కలు వేయించుకున్న పసివాళ్లే ఇవాళ తల్లులూ తండ్రులూ. 2014లో మన దేశానికి పోలియో లేదన్న గుర్తింపు కూడా వచ్చింది. మిమ్మల్ని చుక్కలకి ఎత్తుకెళ్లింది ఎవరో నాన్నగారినే అడగండి.

ఇక ఆయన గురించి. చదువుకున్న మనిషి ఇలా అయిపోయారేమిటని మీ బాధ. దీనికీ చదువుకీ పెద్దగా సంబంధం లేదు. 1977లో అమెరికాలో ముగ్గురు మనస్తత్వ పరిశోధకులు విద్యార్థులకి కొన్ని వాక్యాలిచ్చి, వారాల తేడాతో మళ్లీ మళ్లీ ముందు పెట్టి, ఏవి నిజమనిపిస్తున్నాయో అడిగారు. అబద్ధమైనా సరే, పదేపదే ఎదురైనవాటినే ఎక్కువ నమ్మారు. మీ నాన్నగారి ఫోన్లోకి ఒకే వీడియో ఐదుగురి దగ్గర్నుంచి వస్తే, ఐదుగురు సాక్షులు చెప్పినట్టే ఉంటుంది.

అయితే నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది ఆ ‘గురువుగారూ’ అన్న మాట. బడి పోయింది, ఆవిడ పోయింది. పొద్దున్నే లేస్తే ఆయన్ని పలకరించేది, సలహా అడిగేది ఆ గ్రూపే. అందులో ఉన్నవాళ్లకి ఆయన కావాలి. అన్నాల దగ్గర మీరు ‘అది అబద్ధం నాన్నా’ అన్నప్పుడల్లా ఆయన చెవికి వినపడేది ‘నువ్వు తెలివితక్కువవాడివి’ అని. అందుకే కేకలు. అందరి ముందూ ఆయన్ని ఓడించే ప్రయత్నం ఇవాళ్టితో మానెయ్యండి.

అలాగని నిజం చెప్పడం దండగని నేననను. 2024లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో కుట్ర కథలు నమ్మే రెండువేల మందికి పైగా మనుషులతో కంప్యూటర్ ప్రోగ్రాం చేత మాట్లాడించారు. వాళ్లు చూపిన ఆధారాన్నే తీసుకుని, ఎగతాళి లేకుండా, ఓపిగ్గా జవాబు చెబితే నమ్మకం సగటున 20 శాతం దాకా తగ్గింది. రెండు నెలల తర్వాత చూసినా ఆ తగ్గుదల నిలిచే ఉంది. కాబట్టి ఆయన ఒక్కరే ఉన్నప్పుడు, ఒక్క వీడియో తీసుకుని పక్కన కూర్చోండి. లెక్కల మాస్టారు కదా, జవాబు ఒక్కటే రాస్తే మార్కులు వేసి ఉండరు, స్టెప్పులు అడిగి ఉంటారు. ఇక్కడా అదే అడగండి. ‘ఈ లిస్టు ఎవరు చూశారు నాన్నా? ఏ ఆఫీసులో? ఏ తేదీన?’ జవాబు మీరివ్వకండి. వెతకనివ్వండి. ఆయన నోటితో ‘ఇది తెలియడం లేదే’ అన్న రోజున గెలిచానన్నట్టు మొహం పెట్టకండి.

ఆ లిస్టు భయం వెనక కొంత నిజమైన బెంగ ఉంది, దాన్ని కొట్టిపారెయ్యొద్దు. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు మీ ఊరు ఎటు ఉండాలన్నది పెద్ద తగవు. ఆ మాటలు మీ ఇళ్లల్లో ఇంకా వినపడుతూనే ఉంటాయి. తెలుగు చదువు ఏమవుతుందోనన్న దిగులు సరిహద్దు జిల్లాల్లో ఎవరికి ఉండదు? ఆ దిగులుకి సరైన దారి చూపించండి. రాజ్యాంగంలోని 350ఏ అధికరణం మాతృభాషలో ప్రాథమిక విద్యకి ఏర్పాట్లు చెయ్యమంటోంది. దాన్ని పట్టుకుని కలెక్టరుకి అర్జీ రాయమని అడగండి. అచ్చమైన మాస్టారి పని అది. ఆ అర్జీ ఒడియాలో కూడా ఉండాలి కదా, దానికి పక్కింటి మాస్టారి సాయం కావలసి వస్తుంది. ఆ కబురు మీరే మోసుకెళ్లండి, ఆయన దగ్గరకి ముందు మీరు వెళ్లడంలో తప్పు లేదు.

ఒక్క దగ్గర మాత్రం ఓపిక పట్టొద్దు. గ్రూపులో ఫలానా ఇల్లు, ఫలానా మనిషి అని పేర్లు మొదలైనా, అందరూ కర్రలతో రమ్మన్నా వెంటనే 112కి ఫోన్ చెయ్యండి. 2018 జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్న పుకారుకి ఐదుగురు అమాయకుల్ని కొట్టి చంపేశారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజీని ఐదు చాట్లకి మించి ఒకేసారి పంపకుండా కట్టడి పెడుతున్నట్టు ప్రకటించింది.

ఆయన రాత్రిళ్లు నిద్ర మానేసినా, అన్నంలో ఏదో కలిపారని పళ్లెం తోసేసినా, ఎవరూ లేనప్పుడు మాటలు వినపడుతున్నాయన్నా అది వీడియోల సంగతి కాదు, డాక్టరుకి చూపించాలి. 14416 టెలిమానస్ నంబరు, అంటే మనసు బాధలకి ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయం, ఏ వేళప్పుడైనా పలుకుతారు, డబ్బులు తీసుకోరు. చంటిబిడ్డతో, భర్త దగ్గర లేకుండా ఇదంతా మోస్తున్నారు కాబట్టి ఆ నంబరుకి మీ కోసం కూడా ఫోన్ చేసుకోండి.