మూడింటికి రమ్మంటే, ఏ మూడింటికి?

ప్రశ్న: మేడమ్, మా తమ్ముడికి అడిస్ అబాబాలో ఇంగ్లిష్ టీచర్ ఉద్యోగం వచ్చింది. వాడికేమో హుషారు, అమ్మకేమో టెన్షన్. మీరు ఇథియోపియాలో పాఠాలు చెప్పి వచ్చారు కదా, అక్కడ ఒంట్లో బాగోకపోతే ఎలా?
– ఓ అక్క, కాకినాడ

జవాబు: డాక్టర్లు దొరుకుతారమ్మా. వాళ్ల దగ్గరికి వేళకు చేరడమే కష్టం. అక్కడ గంటల లెక్క పొద్దు పొడుపుతో మొదలు. మన ఉదయం ఏడు వాళ్లకు ఒంటిగంట. మాతో పనిచేసిన నెల్లూరు మాస్టారికి కడుపు పాడైతే, క్లినిక్‌లో నర్సు "రేపు మూడింటికి రండి" అంది. ఆయన మధ్యాహ్నం మూడింటికి పొట్ట పట్టుకుని వెళ్లేసరికి డాక్టరు లేడు. ఆమె చెప్పింది మన తొమ్మిది. "వాళ్ల టైముకి ఆరు కలుపుకోండి సార్" అని అందరం పాఠం చెప్పాం. ఈసారి నర్సు, పాపం పరాయి దేశం మనిషి కదా అని, మన లెక్కలోనే "తొమ్మిదికి రండి" అంది. ఈయన దానికీ ఆరు కలిపి మళ్లీ మధ్యాహ్నం మూడింటికే హాజరు! వాచ్‌మన్ ఏమీ అడక్కుండా కుర్చీ వేశాడట. ఈలోగా కడుపు దానంతటదే కుదుటపడింది. ఎవరు టైమ్ చెప్పినా "పొద్దునా, సాయంత్రమా? హబేషా (అక్కడివాళ్ల) లెక్కా, ఫరంజీ (పరాయివాళ్ల) లెక్కా?" అని అడగమను. మాత్రల వేళలకూ అంతే.

ఊరు 2,300 మీటర్ల ఎత్తున ఉంది. కొత్తలో మెట్లెక్కి క్లాసుకెళ్లి "గుడ్ మార్నింగ్" అనబోతే నాకు "గుడ్" దాకానే ఊపిరి అందేది. మిగతాది పిల్లలే పూర్తి చేసేవాళ్లు.

తిండికి దిగులు లేదు. బుధ, శుక్రవారాల్లో అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. ఇంజెరా అనే పుల్లటి దోశలాంటి రొట్టె మీద పప్పు, షిరో (శనగపిండి లాంటి పప్పుల పిండితో చేసే కూర) హాయిగా తినొచ్చు. ఎవరైనా ముద్ద చుట్టి నోటికందిస్తే అది గుర్షా, వద్దనకూడదు. ప్రేమ ఎక్కువైతే ముద్దా పెద్దదవుతుంది. మా ఇంటి ఓనరమ్మ ప్రేమకు నాకు పొలమారి కళ్లవెంట నీళ్లొచ్చాయి. కిత్‌ఫో అనే పచ్చి గొడ్డుమాంసం వంటకం పెడితే మాత్రం, మొహమాటపడకుండా బాగా వేయించి ఇమ్మని అడగాలి. లేకపోతే కడుపులో బద్దెపురుగులు పడే ప్రమాదముంది.

ఇక నవ్వులాట కానిది ఎల్లో ఫీవర్ టీకా. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు లేకుండా అక్కణ్నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. కార్డు సూట్‌కేసులో కాదు, చేతిసంచిలో పెట్టుకోమను.