రెండో నంబరు సంగతి ముందే తేల్చుకో నానీ

ఒరే నానీ,

పొద్దున్న మీ నాన్న ఫోన్ చేశాడు. మనూరి లైబ్రరీ సంఘం ప్రెసిడెంట్ ఎన్నిక ఈసారి 1, 2, 3 అని ఇష్టం వరసలో నంబర్లేసే పద్ధతిలో (ఎవరికీ సగం దాటకపోతే ఆఖరువాణ్ణి తీసేసి, ఆయన ఓట్లు వాటి మీద రెండో నంబరు ఉన్నవాళ్లకి పంచేది) పెట్టిస్తున్నావంట, అది బాగా జరిగితే సర్పంచ్ ఎన్నిక కూడా అలాగే ఉండాలని అర్జీలు పెడతావంట. గర్వంగా ఉందిరా, నిజం. నలుగురు నిలబడితే మూడోవంతు ఓట్లతో ఒకడు గెలిచేసి ఐదేళ్లు ఊరిని ఏలేస్తాడు, పైగా ఓట్లు చీల్చడానికి పక్కవీధిలోంచి ఓ డమ్మీని నిలబెడతారు, ఇదంతా చూసి చూసి మేం అలవాటు పడిపోయాం, నువ్వు పడలేదు. కానీ ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు.

సర్పంచ్ సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తా. గ్రామసభలో తీర్మానం చేసేస్తే అయ్యేది కాదది, 1994 పంచాయతీరాజ్ చట్టమో, దాని కింద రూల్సో రాష్ట్ర స్థాయిలో మారాలి, ఎన్నిక నడిపేది స్టేట్ ఎలక్షన్ కమిషన్. కాబట్టి అర్జీ ఎమ్మెల్యేకి ఇవ్వు, పంచాయతీ సెక్రటరీ మీద అరవకు, ఆయన చేతిలో ఏం లేదు. లైబ్రరీకైతే సర్వసభ్య సమావేశం పెట్టి బైలాస్, అంటే సంఘం నియమాలు, మార్చుకోండి, చాలు.

ఇదేదో ఫారిన్ వింత అని ఎవరన్నా అంటే నోరు చేసుకోకు. మన ఉభయగోదావరి పట్టభద్రుల ఎమ్మెల్సీకి మీ నాన్న ఓటేసేది ఇలాగేగా, వాళ్లిచ్చిన వయొలెట్ స్కెచ్ పెన్నుతో నంబర్లేసి. 1969లో రాష్ట్రపతి ఎన్నిక గురించి చెప్పు, వి.వి.గిరి గారు, నీలం సంజీవరెడ్డి గారు ఇద్దరూ మన తెలుగువాళ్లే, మొదటి లెక్కలో ఎవరికీ సగం దాటలేదు, రెండో ప్రాధాన్యత ఓట్లు కలిపాకే గిరి గారికి 4,20,077, రెడ్డి గారికి 4,05,427 అని తేలింది. పెద్దవాళ్లు ఇది వింటే ఇట్టే పట్టుకుంటారు.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు పుట్టకముందు మనూళ్లో నాటక సమాజం ఉండేది, దాని ప్రెసిడెంట్ ఎన్నిక కమిటీవాళ్లు ఇదే నంబర్ల పద్ధతిలో పెట్టారు. ఉద్దేశం మంచిదే. నలుగురు పోటీ, మిల్లాయన, కొట్టాయన, మాస్టారు, ఆర్ఎంపీ డాక్టరు. నేను అప్పుడే ఉద్యోగంలో చేరాను, లెక్కకి నన్నూ కూర్చోబెట్టారు, పెట్రోమాక్స్ లైటు కింద ఓట్లు నాలుగు కట్టలుగా చేసి అరటినారతో కట్టాం, నల్లబల్ల మీద సుద్దతో రాశాం. చెల్లినవి 97. మిల్లాయనకి 40, కొట్టాయనకి 25, మాస్టారికి 16, డాక్టరుకి 16. సగం దాటాలంటే 49 రావాలి, ఎవరికీ లేదు, ఆఖరువాణ్ణి తీసేసి ఆయన కట్టలో రెండో నంబర్లు పంచాలి. ఆఖరువాళ్లు ఇద్దరు! ఎవర్ని తియ్యాలో బైలాస్‌లో ఒక్క ముక్క లేదు. మాస్టార్ని తీసేస్తే ఆయన ఓట్లు డాక్టరుకి పోయి, తర్వాత కొట్టాయనవీ కలిసి డాక్టరు గెలుస్తాడు. డాక్టర్ని తీసేస్తే మిల్లాయన గెలుస్తాడు. కట్టలు విప్పి బల్ల మీద పరిచేసి ఉన్నాయి కదా, రెండో నంబరు మీద వేలు పెట్టి ఎవరికి వాళ్లు లెక్కేసేసుకున్నారు. ఇంక అప్పుడు చీట్లేద్దామన్నా పక్షపాతమే, పేర్ల వరస ప్రకారం పోదామన్నా పక్షపాతమే, ఎవడు ఏ న్యాయం చెప్పినా వాడి మనిషి కోసమే చెప్తున్నాడని అవతలవాళ్లకి తెలిసిపోతోంది. మిల్లు వాళ్లేమో అసలు మాకే కదా ఎక్కువొచ్చాయి ఇంకా ఈ పంపకాలేంటని బల్ల తన్నేశారు. ఆ సంక్రాంతికి నాటకం లేదు. హాలుకి తాళం పడింది. కాలవ గట్టు మీద పక్కపక్క ఇళ్లవాళ్లు, ఒకే గోడ మీద పందిరి వేసుకున్నోళ్లు, ఒకరి పెళ్లికి ఒకరు వెళ్లడం మానేశారు.

వాళ్లెవరూ దొంగలు కాదురా. రాయాల్సింది ముందు రాయలేదు, అంతే.

అందుకని నువ్వు నామినేషన్లకి ముందే అన్నీ కాగితం మీద పెట్టు. ఆఖర్న ఇద్దరు సమానమైతే చీట్లా, ఇంకోటా. ఒక్క 1 మాత్రమే వేస్తే చెల్లుద్దా (చెల్లాలి). 1 వేసి 2 వదిలేసి 3 వేస్తే ఏం చెయ్యాలి. ఇద్దరికి 1 వేస్తే. ముఖ్యంగా సగం అంటే దేన్లో సగం, పడిన మొత్తం ఓట్లలోనా, లేక నంబర్లు అయిపోయి పక్కన పెట్టినవి తీసేశాక మిగిలినవాటిలోనా. చాదస్తం అనుకోకు, అమెరికాలో ఓక్లండ్‌లో 2022లో ఇదే నంబర్ల పద్ధతిలో జరిగిన స్కూల్ బోర్డు ఎన్నికకి మొదటి గడి ఖాళీగా వదిలిన ఓట్ల సంగతి కంప్యూటర్లో తప్పుగా పెట్టారు, ఓడినాయన్ని గెలిచాడని ప్రకటించేసి తర్వాత కోర్టులో సరిదిద్దుకోవాల్సొచ్చింది. అంత పెద్ద ఊళ్లోనే.

ఇంకోటి, ఇది నాకు మరీ భయం. ఎమ్మెల్సీ కౌంటింగ్ డ్యూటీలో నేను కళ్లారా చూశాను, డిగ్రీలు ఉన్నవాళ్లే టిక్కు కొట్టారు, సంతకం పెట్టారు, అవన్నీ చెల్లని ఓట్లే. రేపు సర్పంచ్ ఎన్నికలో గోదావరి లంకలోంచి పడవ దాటి వచ్చే ముసలమ్మ, గుర్తు చూసి ముద్ర వెయ్యడం తప్ప అంకె రాయడం రానామె, ఏం చేస్తుంది? పక్కనోణ్ణి రాయమంటే ఆమె ఓటు ఊరందరికీ తెలిసిపోద్ది. దీనికి నీ దగ్గర జవాబు లేకుండా అర్జీ పెట్టకు, పెడితే నేను సంతకం చెయ్యను, మేనత్తనైనా సరే.

ముందు లైబ్రరీలో ఉత్తుత్తి ఎన్నిక ఒకటి పెట్టు. మామిడి, పనస, సపోటా, జామ అని బొమ్మలేసి నంబర్లు వెయ్యమను, చదువు రానివాళ్లని ముందు కూర్చోబెట్టు, వాళ్ల ముందే కట్టలు కట్టి లెక్కెయ్యి. ఎంతమంది తప్పేశారో అప్పుడు నీకే తెలుస్తుంది.

నువ్వు తిండి మానేసి తిరుగుతున్నావని కూడా మీ నాన్న చెప్పాడు, అది మాత్రం ఊరుకోను. ఆదివారం అమలాపురం బస్సెక్కి వచ్చెయ్, పులస దొరికే రోజులు కాదు గానీ రొయ్యలు వండుతా. బైలాస్ డ్రాఫ్ట్ తీసుకురా, వాట్సాప్‌లో పెట్టకు, పేపర్ మీద పెద్ద అక్షరాల్లో తీయించు, ఎర్రపెన్ను నా దగ్గరుంది.

మీ అత్త