మామ్మ చేత మన మాట మాట్లాడించు

అమ్మలూ,

నువ్వు గీసి పంపిన ఆరు కామిక్ స్ట్రిప్పులూ అందాయి. మీ శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో ముంజెలమ్మే మామ్మ భలే కుదిరింది. ఆ వంగిన వీపు, చెవికి వేలాడే కమ్మ రెండు గీతల్లో తెచ్చేశావు. బొమ్మ గురించి నేను చెప్పాల్సింది పెద్దగా లేదు. నా బెంగంతా అక్షరాల దగ్గరే.

రెండో ఫ్రేమ్ చూడు. 'వచ్చేస్తున్నాడ్రా' కింద ఒత్తులు, కింది వరుసలో 'తీసుకెళ్లు' మీద ఉన్న గుడిదీర్ఘం కొట్టుకున్నాయి. ముందు మాటల బెలూన్ గీసి తర్వాత మాటలు ఇరికించావు కదూ? ఇకమీదట ముందు పెన్సిల్‌తో మాటలు రాసుకో, ఆ తర్వాతే వాటి చుట్టూ బెలూన్ గియ్యి. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలకు సరిపోయే సందు మన అక్షరాలకు చాలదు. పైన గుడులు, కింద ఒత్తులు. వరుసల మధ్య ఒక అక్షరం ఎత్తు చోటు వదులు. చోటు చాలకపోతే అక్షరం చిన్నది చెయ్యకు, మాట తగ్గించు. ముప్ఫై ఏళ్లు షాపులకు బోర్డులు రాసిన చెయ్యి చెబుతోంది, విను.

అచ్చయ్యే సైజుకి ఒకటిన్నర రెట్లు పెద్దగా గియ్యి. తగ్గించినప్పుడు గీత చక్కగా బిగుస్తుంది. కాకపోతే అక్షరమూ తగ్గుతుంది. అందుకే జిరాక్స్ షాపులో అసలు సైజుకి తీయించి, చెయ్యి చాచి పట్టుకుని చదివి చూడు. కళ్లు చికిలించాల్సి వస్తే మళ్లీ రాయాల్సిందే.

ఇంకోటి. మామ్మ 'ఏం చేస్తున్నావు నాయనా' అంటుందా? 'ఏటి సేస్తన్నావురా గుంటడా' అంటుంది. నలుగురికీ అర్థం కాదేమోనని భయపడ్డావు. బొమ్మ పక్కనే ఉంది కదమ్మా, అదే అర్థం చెబుతుంది. మీ ఊళ్లోనే తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం ఉంది, కథకులు కాళీపట్నం రామారావు గారు, మన కారా మాస్టారు, 1997లో పెట్టారు. ఓ ఆదివారం వెళ్లి మన వైపు రచయితల కథలు చదువు. యాసని ఎంతవరకు రాశారో, ఎక్కడ ఆపారో చూసుకో.

జనంలోకి తీసుకెళ్లడానికి తొందరపడకు. పన్నెండు స్ట్రిప్పులు చేతిలో ఉన్నాకే మొదటిది బయటపెట్టు. వారానికి ఒకటి చాలు, కానీ ఆ వారం తప్పకూడదు. జ్వరమొచ్చినా పరీక్షలొచ్చినా ఆ నిల్వే నిన్ను కాస్తుంది. ఫోన్‌లో పెట్టేటప్పుడు మూడు ఫ్రేమ్‌లూ పక్కపక్కన వద్దు, కిందకి పేర్చు. పుస్తకం వెయ్యాలంటే నాలుగు ఎ4 కాగితాలు మధ్యకి మడిచి పిన్ కొడితే పదహారు పేజీలు. మొదటిసారి యాభై కాపీలు దాటొద్దు.

మా ఊరి పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజు అమ్ముతానన్నావు. వద్దమ్మా. ఆ జనంలో పుస్తకం తెరవడానికి చోటే ఉండదు. మీ కాలేజీ ఎదురుగా టీ కొట్టు బల్ల మీద ఒక కాపీ వదిలెయ్యి. ఎవరు ఏ పేజీ దగ్గర ఆగారో పక్కన నిలబడి చూడు.

ఒరిజినల్స్ మాత్రం ఎవరికీ ఇవ్వకు. నా ఇరవై ఒకటో ఏట ఒక పత్రికకి పదకొండు బొమ్మలు పోస్టులో పంపాను. అచ్చువేశారు, తిరిగి పంపలేదు. ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు లేదు. ఆ పదకొండూ ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి. నువ్వు స్కాన్ మాత్రమే పంపు, 600 డీపీఐలో తీసి దాచుకో. ప్రతి స్ట్రిప్ మూలనా సంతకం, సంవత్సరం వెయ్యి. మన చట్టంలో బొమ్మ గీసిన క్షణం నుంచే కాపీరైట్ నీది, రిజిస్టర్ చేయించకపోయినా సరే. ఎవరైనా అచ్చువేస్తామంటే 'ఒక్కసారి వేసుకోడానికి మాత్రమే' అని రాయించుకో. మొహమాటపడకు.

దసరా వెళ్లిన మంగళవారం సిరిమానుకి ఎలాగూ వస్తావు. ఆ ఆరూ పట్టుకురా, రెండో ఫ్రేమ్ అక్షరాలు కలిసి రాద్దాం. నా సన్న బ్రష్షు ఒకటి నీకోసం కడిగి పక్కన పెట్టాను.

మీ మావయ్య,
విజయనగరం