నిమ్మ మొక్కను బయట పెట్టే ముందు ఇది చదువు

నాన్నా,

కుండీలో నిమ్మ మొక్క తెచ్చుకున్నావని, చలికాలమంతా గదిలోనే పెంచావని, ఈ ఆదివారం దాన్ని బయట ఎండలో పెట్టేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మొక్కల పిచ్చి ఉన్నవాడు మన ఇంట్లో ఇంకొకడు తయారయ్యాడని ఎంత సంతోషం వేసిందో! కానీ ఒక్కరోజులో మార్చేస్తావని వినేసరికి టెన్షన్ పట్టుకుంది. ఆదివారం లోపే ఈ ఉత్తరం చదువు.

కుండీ అడుగున చిల్లులు ఉండాలి, పై మట్టి పొడిగా అయ్యాకే నీళ్లు పోయాలి. ఇవి నీకు తెలిసినవే.

నీ వయసులో మీ నాన్న కూడా సరిగ్గా ఇదే చేశాడు. కిటికీ పక్కన నిగనిగలాడుతూ పెరిగిన నారింజ మొక్కను ఒక పొద్దున తీసుకెళ్లి ఆరుబయట పెట్టాడు. మబ్బు లేని రోజు. సాయంత్రానికి ఆకులు వాడితే దాహమనుకుని ఇంకా నీళ్లు పోశాడు. రెండు మూడు రోజుల్లో ఆకుల మధ్యన సున్నం చల్లినట్టు తెల్లటి మచ్చలు లేచాయి. తర్వాత అవి గోధుమ రంగుకు తిరిగి పెళుసుబారాయి. తెగులనుకుని మందు తెచ్చి కొట్టాడు, అదీ మిట్టమధ్యాహ్నం! నేను వెళ్లి దగ్గరగా చూస్తే, పై ఆకు నీడ పడిన మేరకు కింది ఆకు మీద పచ్చదనం అదే ఆకారంలో మిగిలి ఉంది. తెగులైతే నీడ చూసి ఆగుతుందా? అది ఎండదెబ్బ. గట్టిగా తిడదామని నోటిదాకా వచ్చింది గానీ, రాలిన ఆకుల్ని వాడు ఒక్కొక్కటే ఏరుతుంటే నోరు రాలేదు. మొక్క బతికింది, చిగురూ వేసింది. ఆ ఏడు పూత మాత్రం లేదు. నిమ్మజాతి చెట్లు దాచుకున్న తిండిలో చాలా భాగం ఆకుల్లోనే ఉంటుంది. ఆకులు పోతే పూతకు బలమెక్కడిది?

గదిలో పుట్టిన ఆకు పలచగా, వెడల్పుగా ఉంటుంది. తక్కువ వెలుతురుకు తగ్గట్టు తయారైన ఆకు అది. పైగా ఎండలోని తీక్షణమైన అతినీలలోహిత కిరణాలను కిటికీ అద్దం చాలావరకు ఆపేస్తుంది. ఒకసారి మాడిన చోటు మళ్లీ పచ్చబడదు. అందుకే మొదటి మూడు రోజులు బయటే, కానీ పూర్తి నీడలో ఉంచు. తర్వాత పొద్దుటి ఎండ ఒక గంట చూపించు. రెండు రోజులకోసారి ఇంకో గంట పెంచు. మధ్యాహ్నపు ఎండ అన్నిటికంటే చివర. రెండు వారాలు పట్టనీ, తొందరేముంది? అలవాటయ్యాక మాత్రం రోజుకు 6 నుంచి 8 గంటల ఎండ నేరుగా తగలాలి. అప్పుడు జాలిపడి నీడలోకి లాగకు.

మళ్లీ చలికి లోపలికి తెచ్చేటప్పుడూ ఇదే పద్ధతి, వెనక నుంచి ముందుకు. గదిలో వెలుతురు బాగానే ఉందని నీ కంటికి అనిపిస్తుంది, దాన్ని నమ్మకు. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. నడి ఎండలో దాదాపు లక్ష లక్స్ ఉంటే, దీపాలు వేసిన గదిలో 300 నుంచి 500 మించదు. కాబట్టి అన్నిటికంటే ఎక్కువ ఎండ వచ్చే కిటికీకి ఆనించి పెట్టు. ఆకుల మీద దుమ్ము తుడుస్తుండు, వారానికోసారి కుండీని పావు వంతు తిప్పు. అదీ చాలకపోతే మొక్కల కోసమే చేసిన దీపం, అదే తెల్లటి ఎల్‌ఈడీ గ్రో లైట్, ఆకులకు అడుగు ఎత్తున వేలాడదీసి, రోజుకు 12 గంటలు వెలిగించి రాత్రికి ఆర్పెయ్యి. వెలుతురు తగ్గితే మొక్క నీళ్లు తాగడమూ తగ్గుతుంది, ఎండలో పోసినట్టు పొయ్యకు.

ఇంకొకటి. చల్లటి గచ్చు మీద కుండీ పెట్టకు, కింద ఒక చెక్క వెయ్యి. మట్టి 13 డిగ్రీల కంటే చల్లబడితే వేళ్లు దాదాపు పని మానేస్తాయి. పైన ఆకులకేమో కిటికీ ఎండ తగులుతూనే ఉంటుంది. నీరందక ఆకులు గలగలా రాలతాయి. అప్పుడు భయపడి ఇంకా నీళ్లు పోస్తే వేళ్లు కుళ్లుతాయి.

ఆదివారం నీడలో పెట్టాక ఒక ఫోటో పంపు. ఆకు రంగు ఏమాత్రం మారినట్టు అనిపించినా మందు జోలికి పోకుండా ముందు నాకు ఫోన్ చెయ్యి. రాత్రి పదైనా పర్వాలేదు, ఎత్తుతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న