పన్నెండు బంతులు ఎదుర్కొని లెక్కలోకి రాని కుర్రాడు

"క్రికెట్ చూస్తూ పెరిగిన మనవాళ్లకు బేస్‌బాల్ నచ్చుతుందా? అమెరికాలో చదువుకుంటున్న రోజుల్లో ఒక మ్యాచ్ కోసం ఒక పూట వెచ్చించడం దండగ కాదా?" అని మీలో కొందరు అడిగారు. నచ్చుతుంది. అయితే మీరు టెస్టు క్రికెట్‌ను ప్రేమించినవారై ఉండాలి, మీ మొదటి మ్యాచ్‌ను పెద్ద ప్రొఫెషనల్ స్టేడియంలో కాకుండా ఏదైనా కాలేజీ మైదానంలో, వీలైతే ఆదివారం మధ్యాహ్నం చూడాలి. ఈ రెండూ కుదిరిన తరువాత కూడా ఈ ఆట నచ్చలేదన్న మనిషి నాకు ఇంతవరకు తారసపడలేదు.

నేను ఎం.ఎస్. చదివింది టెక్సస్ రాష్ట్రంలోని ఆర్లింగ్టన్‌లో. అక్కడి యూనివర్సిటీలో ఏ లైబ్రరీ బల్ల దగ్గర కూర్చున్నా పక్కన తెలుగు వినిపిస్తుంది కాబట్టి మీలో చాలామందికి ఆ ఊరు తెలిసే ఉంటుంది. టెక్సస్‌లో అమెరికన్ ఫుట్‌బాల్‌కు ఉన్న వెర్రి గురించి వేరే చెప్పనక్కరలేదు గానీ, మా యూనివర్సిటీకి మాత్రం ఆ జట్టే లేదు, 1985 సీజన్‌తో దాన్ని ఎత్తివేశారు. అందువల్ల వసంతకాలం వచ్చిందంటే అక్కడి ఆటలపండుగ అంతా బేస్‌బాల్ మైదానంలోనే. ఆ మైదానానికి క్లే గౌల్డ్ పేరు పెట్టారు. ఆయన ఆ జట్టుకే కోచ్‌గా ఉంటూ 2001లో, ముప్ఫై ఏళ్లయినా నిండకుండానే క్యాన్సర్‌తో చనిపోయిన మనిషి. శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ జట్టుతో 2012లోనూ 2014లోనూ అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్ తుది పోటీ అయిన వరల్డ్ సిరీస్ గెలిచిన హంటర్ పెన్స్ కాలేజీ రోజుల్లో ఆడింది కూడా ఈ మైదానంలోనే.

నా రెండో సెమిస్టరులో, ఏప్రిల్ నెల ఆదివారం ఒకటి. ఆర్లింగ్టన్ నాలుగు లక్షల జనాభాకు దగ్గరగా ఉన్న ఊరైనా అక్కడ మన సిటీ బస్సుల్లాగా వేళకు వచ్చే బస్సులు లేవు, కారు లేని విద్యార్థికి నడకే గతి. అపార్ట్‌మెంట్ నుంచి పావుగంట నడిచి, విద్యార్థి కార్డు చూపించి, డబ్బు కట్టకుండానే లోపలికి వెళ్లి కూర్చున్నాను. ఆట మీద ఆసక్తితో వెళ్లానని చెప్పను. మర్నాటికి ఇవ్వవలసిన అసైన్‌మెంట్ ఒకటి ఎంతకూ తెగక, గదిలో ఉండలేక వెళ్లాను. కాలేజీ జట్లు సాధారణంగా ఒకే ప్రత్యర్థితో శుక్ర, శని, ఆదివారాల్లో వరుసగా మూడు మ్యాచ్‌లు ఆడతాయి. శుక్రవారం జట్టులోని మేటి పిచర్ బంతి వేస్తాడు, శనివారం రెండోవాడు వేస్తాడు, ఆదివారం వచ్చేసరికి మంచి చేతులన్నీ అలసిపోయి ఉంటాయి. అప్పటిదాకా బెంచీ మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నమిలి పొట్టు ఉమ్ముతున్న కుర్రాళ్లకు అవకాశం వచ్చే రోజు ఆదివారమే. ఆ వారం మొదటి రెండు మ్యాచ్‌లు చెరొకటి గెలిచారు కాబట్టి మూడోది తేల్చుకోవలసిన మ్యాచ్ అయింది.

నా పక్క సీటులో అరవైకి దగ్గరపడిన ఒక ఆసామి మోకాలి మీద స్కోరుపుస్తకం పెట్టుకుని, చెవి మీద పెన్సిలు దోపుకుని కూర్చున్నాడు. ఎండకు కమిలిన ఆ మెడను, బీటలు తీసిన ఆ వేళ్లను చూడగానే నాకు మా పల్నాడు గుర్తుకు వచ్చింది. మాట కలిపితే ఆయన నిజంగానే పత్తి రైతు. లబ్బక్ దగ్గర పల్లెలో ఉంటారట, తెల్లవారుజామున బయలుదేరి ఐదు గంటలు కారు నడుపుకుని వచ్చారట, కొడుకు ఈ జట్టులో ఉన్నాడట. మే నెలలో పత్తి విత్తనం వేయడం మొదలైతే ఇక కదలలేరు కాబట్టి ఏప్రిల్ లోపల వీలైనన్ని ఆదివారాలు వస్తారట. మా ఊళ్లో పత్తి విత్తేది తొలకరి తరువాతేనని, ఆ కాపు మీదే నా ఫీజులూ గడిచాయని చెప్పేసరికి ఆయన స్కోరుపుస్తకం నావైపు జరిపి, మొదటి ఇన్నింగ్స్ నుంచి నాకు ఆట నేర్పడం మొదలుపెట్టారు. ఎకరాకు ఎంత పండుతుందన్న ప్రశ్న మాత్రం మధ్యమధ్యలో వస్తూనే ఉంది.

ఆయన మొదట చెప్పింది బంతిని ఎలా కొట్టాలన్నది కాదు, ఎలా వదిలెయ్యాలన్నది. బ్యాటర్ పక్కన నేలలో పరిచిన పలకను హోమ్ ప్లేట్ అంటారు, దాని వెడల్పు 17 అంగుళాలు. ఆ వెడల్పు మీదుగా, బ్యాటర్ మోకాళ్లకూ ఛాతీకీ మధ్య నుంచి వెళ్లిన బంతిని వదిలేస్తే అంపైర్ స్ట్రైక్ అంటాడు, ఆ హద్దు బయటికి పోయినదాన్ని వదిలేస్తే బాల్ అంటాడు. మూడు స్ట్రైకులు పడితే ఔట్, నాలుగు బాల్స్ వస్తే బ్యాటర్ నడుచుకుంటూ మొదటి బేస్‌కు వెళ్లిపోవచ్చు, దానినే వాక్ అంటారు. మూడు బేసులూ, అంటే మూడు మూలలూ, చుట్టి తిరిగి హోమ్ ప్లేట్ చేరితే ఒక పరుగు. పిచర్ బంతి వేసే చోటు 60 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉంటుంది, గంటకు 90 మైళ్ల బంతి సెకనులో సగం గడవకముందే వచ్చి పడుతుంది, వదలాలా కొట్టాలా అన్న నిర్ణయం అందులోనూ సగం కాలంలో జరిగిపోవాలి. ఆఫ్ స్టంప్ బయటి బంతిని వదిలిపెట్టడం ఒక విద్య అని తెలిసినవారికి ఈ ఆట వెంటనే అందుతుంది. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో మన హైదరాబాద్ లక్ష్మణ్, ద్రావిడ్‌తో కలిసి నాలుగో రోజు పొడవునా ఒక్క వికెట్టూ పడనివ్వకుండా ఆడినప్పుడు రేడియో వదలని ఇంట్లో పెరిగినవాడిని నేను. ఆ రోజును తలచుకున్నప్పుడు ఫోర్లతో పాటు వదిలిన బంతులు కూడా గుర్తుకు వచ్చేవారి కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఇక్కడ నా బాధ ఒకటి చెప్పుకోవాలి. మనవాళ్లు ఈ ఆటను అరగంట చూసి, "పరుగులే రావేమిటి, అందరూ నిలబడి ఏం చేస్తున్నారు" అని తీర్పు చెప్పి లేచిపోతారు. ఇరవై ఓవర్ల ఆట వచ్చిన తరువాత మన కళ్లకు సిక్సర్ తప్ప మరేదీ ఆనడం లేదు. రంజీ మ్యాచ్‌లకు ఉచితంగా రమ్మన్నా స్టాండ్లు ఖాళీగా ఉండేది అందుకే. బేస్‌బాల్ మీద వినిపించే ఫిర్యాదులో సగం నిజానికి మన ఓపిక మీద పెట్టుకోవలసిన ఫిర్యాదు.

ఈ ఆటలో ఒక్కో జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్, ముగ్గురు ఔటైతే ఒక ఇన్నింగ్స్ ముగిసినట్టే. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మా జట్టు బ్యాటింగ్‌కు వచ్చేసరికి ప్రత్యర్థికి నాలుగు పరుగులు, మాకు మూడు. ఇద్దరు ఔటయ్యారు, మూడు బేసులలోనూ మనుషులున్నారు. అప్పుడు కోచ్ బ్యాటింగ్ చేయవలసినవాడిని ఆపి, ఆటగాళ్లు కూర్చునే డగౌట్ నుంచి ఇంకొక కుర్రాడిని పంపాడు. నా పక్కనున్న పెద్దాయన మాట ఆగిపోయింది. చెవి మీది పెన్సిలు తీసి చేత్తో పట్టుకున్నారు. "మీవాడేనా?" అని అడిగితే తల ఊపారు. ఆ సీజన్‌లో అతను బ్యాట్ పట్టుకున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చని తరువాత చెప్పారు.

మొదటి బంతిని అతను వదిలేశాడు, అంపైర్ స్ట్రైక్ అన్నాడు. రెండో బంతి బ్యాట్ అంచుకు తగిలి గీత బయటికి పోయింది, అది ఫౌల్, రెండో స్ట్రైక్. ఇంకొక్క తప్పు జరిగితే ఇన్నింగ్స్ ముగిసినట్టే. క్రికెట్ ఎరిగినవారు తెలుసుకోవలసిన గొప్ప నిబంధన ఈ ఘట్టంలోనే ఉంది. రెండు స్ట్రైకుల తరువాత మామూలుగా బ్యాట్ తిప్పి కొట్టిన బంతి ఫౌల్ అయి ఎవరి చేతా చిక్కకపోతే లెక్క అక్కడే నిలిచిపోతుంది, బ్యాటర్ బతికే ఉంటాడు. అంటే, కొట్టలేని బంతిని చెడగొట్టడం కూడా చేతనైతే, అతన్ని అంత తేలికగా బయటికి పంపలేరు. మూడో బంతి దూరంగా పోయింది, వదిలాడు. నాలుగు, ఐదు ఫౌల్. ఆరోది నేలకు తగిలేలా వచ్చింది, వదిలాడు. ఏడు, ఎనిమిది, తొమ్మిది వరుసగా ఫౌల్. కాలేజీ ఆటలో లోహపు బ్యాట్లకు అనుమతి ఉంది కాబట్టి, తగిలినప్పుడల్లా కంచుగిన్నె మీద గరిటెతో కొట్టినట్టు మోగుతుంది. ఒక బంతి మా తలల మీదుగా పార్కింగ్‌లోకి పోతే చిన్నపిల్లలు దాని కోసం పరుగెత్తారు. ప్రతి ఫౌల్‌కూ పెద్దాయన కాగితం మీద ఒక చిన్న చుక్క పెడుతున్నారు. పిచర్ టోపీ తీసి ముఖం తుడుచుకున్నాడు. పదో బంతి పైకి పోయింది, వదిలాడు, మూడు బాల్స్ రెండు స్ట్రైకులు అయ్యాయి. పదకొండోది మళ్లీ ఫౌల్. అప్పటికి అక్కడున్న నాలుగైదు వందలమందిమీ లేచి నిలబడ్డాం, ప్రత్యర్థి జట్టు మనుషులు కూడా కూర్చోలేకపోయారు.

పన్నెండో బంతి బయటి అంచుకు వెంట్రుకవాసి దూరంలో పోయింది. అతని బ్యాట్ కదిలీ కదలక ఆగింది. అంపైర్ చెయ్యి లేవలేదు. నాలుగో బాల్. బ్యాట్‌ను గడ్డి మీద మెల్లగా వదిలి అతను మొదటి బేస్ వైపు నడిచాడు, బేసులన్నీ నిండి ఉన్నందున ముందున్నవాళ్లందరూ ఒక్కొక్క బేస్ జరగవలసివచ్చి, మూడో బేస్‌లో ఉన్నవాడు హోమ్ ప్లేట్ తొక్కాడు, స్కోర్లు సమమయ్యాయి. ఒక్క పరుగు, అది కూడా కొట్టకుండా వచ్చినది. ఆ మైదానంలో పుట్టిన అరుపును ఆ తరువాత నేను ఏ వేలమంది స్టేడియంలోనూ వినలేదు. పెద్దాయన మాత్రం అరవలేదు. పెన్సిలును తిప్పి, తప్పుగా పడిన ఒక చుక్కను రబ్బరుతో చెరిపి, మళ్లీ సరిగ్గా పెట్టారు.

కాస్త నెమ్మదించాక ఆయన నాకు చెప్పిన విషయం వింటే మీకూ మనసు కలుక్కుమంటుంది. వాక్ వస్తే దానిని ఆ బ్యాటర్ ఆడిన బ్యాటింగ్ కింద లెక్కించరు, సగటు పెరగదు, తరగదు. మర్నాటి స్కోరుకార్డులో ఆ కుర్రాడి పేరు ఎదుట బ్యాటింగ్ గడిలో సున్నా, కొట్టినవాటి గడిలో సున్నా ఉంటాయి, వాక్ ఒకటి, తెచ్చిపెట్టిన పరుగు ఒకటి అని మాత్రం రాస్తారు. అంత పోరాటం జరిగిందన్న సంగతి ఆ కాగితం చూసినవారెవరికీ తెలియదు. అందుకే ఆయన తన పుస్తకంలో చుక్కలు పెడుతున్నారు.

ఆ మ్యాచ్ మేము ఓడిపోయాం. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో వాళ్లు ఒక పరుగు తీశారు, మావాళ్లు తీయలేకపోయారు, ఐదు నాలుగు. ఆట ముగిశాక కొడుకు కంచె దగ్గరికి వచ్చాడు. తండ్రి ఏదో ఒక్క మాట చెప్పి, ఇంటి నుంచి తెచ్చిన అట్టపెట్టె ఒకటి అందించారు. అందులో తినుబండారాలు ఉన్నట్టున్నాయి. మళ్లీ ఐదు గంటల ప్రయాణం ఆయనకు.

ప్రొఫెషనల్ మ్యాచ్ చూడవద్దని నేను అనడం లేదు. అదే ఆర్లింగ్టన్‌లో టెక్సస్ రేంజర్స్ జట్టు 2020 నుంచి ఆడుతున్న గ్లోబ్ లైఫ్ ఫీల్డ్ ఉంది, ఎండ పడకుండా పైకప్పు మూసుకునే భవనం అది, 2023లో ఆ జట్టు వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు ఊరంతా నేనూ తిరిగాను. కానీ అక్కడ మొదటిసారి వెళ్లినవాడి చూపును పెద్ద తెరలు, పాటలు, తినుబండారాల వరుసలు లాగేసుకుంటాయి. పిచర్ ముఖం కనిపించే సీటుకు పెట్టే ధరతో విద్యార్థి నెల సరుకులు తెచ్చుకోవచ్చు. కాలేజీ మైదానంలో మన వికెట్ కీపర్ లాంటి క్యాచర్ చేతి తొడుగులో బంతి పడిన చప్పుడు మీకు వినిపిస్తుంది, డగౌట్‌లో కోచ్ విసుక్కున్నది వినిపిస్తుంది. అక్కడ ఆడుతున్నవారిలో అత్యధికులు డబ్బు కోసం ఆడటం లేదు. ఆ రోజుల్లో అమలులో ఉన్న నిబంధన ప్రకారం ఒక జట్టు మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్పులే, వాటినే 27 మంది దాకా ముక్కలుగా పంచుకోవాలి. ఆ రైతు కొడుక్కి వచ్చింది నాలుగో వంతు, మిగిలిన ఫీజు పత్తి మీదే. తరువాత ఆ నిబంధనను మార్చారు, మంచి పని చేశారు.

నేను మన ఇంజినీరింగ్ కాలేజీలో నాలుగేళ్లు వికెట్ కీపర్‌గా ఆడాను. అంతర్ కళాశాలల పోటీలకు వెళ్లినప్పుడు గట్టు మీద కూర్చుని చూసిన పెద్దమనిషి ఒక్కరైనా నాకు గుర్తు లేరు. తల్లిదండ్రుల దాకా ఎందుకు, మా వ్యాయామ ఉపాధ్యాయుడు తప్ప అధ్యాపకులెవరూ రాలేదు. మైదానంలో సగం బస్సులు నిలిపే చోటుగా మారింది. మన పిల్లల ఆటను పిల్లలే చూసుకోవాలని మనం ఎప్పుడు నిర్ణయించుకున్నామో నాకు తెలియదు గానీ, ఆ నిర్ణయం తప్పని ఆ ఆదివారం నాకు గట్టిగా అనిపించింది, ఇప్పటికీ అదే నా అభిప్రాయం.

మీరు వెళ్లదలచుకుంటే ఫిబ్రవరి నడిమి నుంచి మే దాకా సీజన్ ఉంటుంది. మీ యూనివర్సిటీలో జట్టు ఉందేమో చూడండి, చాలాచోట్ల విద్యార్థి కార్డు చాలు. టోపీ, నీళ్లు తీసుకుని హోమ్ ప్లేట్ వెనక వలకు దగ్గరగా కూర్చోండి, అక్కడి నుంచి చూస్తేనే బంతి వంపు తిరగడం తెలుస్తుంది. ఫోను సంచిలో పెట్టి, ఒక నోటుపుస్తకమూ పెన్సిలూ చేతిలో ఉంచుకోండి. ప్రతి బంతికీ ఒక గుర్తు పెట్టండి, ఫౌల్‌కు చుక్క పెట్టండి. మూడో ఇన్నింగ్స్ వచ్చేసరికి ఎవరినీ ఏమీ అడగవలసిన పని ఉండదు. పక్కన స్కోరు రాసుకుంటున్న పెద్దవారెవరైనా కనిపిస్తే మాత్రం వారి పక్క సీటులోనే కూర్చోండి.