1575 నాటి సమురాయ్ తుపాకీని అసహ్యించుకుంటాడా?

మీ కథ 1575లో జపాన్‌లో నడుస్తుందని, సమురాయ్ యోధుడైన హీరో తుపాకీని పిరికివాళ్ల ఆయుధం అనుకుని కత్తితోనే యుద్ధానికి దిగుతాడని రాశారు. ఇది నమ్మేలా ఉందా అని అడిగారు కదండీ. నాకైతే నమ్మబుద్ధి కాలేదు, అది మార్చాల్సిందే.

తుపాకులు 1543లోనే పోర్చుగీసు వాళ్లతో జపాన్‌లోని తనెగషిమా దీవికి వచ్చాయి. అక్కడి కమ్మరులు ఏడాది రెండేళ్లలోనే సొంతంగా చేయడం నేర్చుకున్నారు. మీ కథ జరిగే ఏడాదే నాగషినో యుద్ధంలో ఓడా నొబునాగా అనే ప్రభువు సైన్యం కర్రల కంచె వెనక నుంచి తుపాకులు పేల్చి శత్రువులైన తకెదా వంశం సైన్యాన్ని చావుదెబ్బ తీసింది. పేల్చిన వాళ్లలో ఎక్కువమంది అషిగరు అనే కాల్బలం. మీ హీరోని వాళ్లకు నాయకుడిగా పెట్టండి. పైగా అప్పట్లో యుద్ధభూమిలో ముందు వాడేది ఈటె, విల్లు. కత్తి ఆ తర్వాతే. మనకు తెలిసిన ‘బుషిదో’ అనే సమురాయ్ నీతి నియమాలు చాలావరకు 1603 తర్వాత, యుద్ధాలు సద్దుమణిగాక రూపు దిద్దుకున్నాయి.

కత్తి దూసే సీన్ వదులుకోలేకపోతే వాన కురిపించండి. గొట్టంలో మందు, గుండు వేసి, చువ్వతో దట్టించి, రగిలే తాడుతో పేల్చే తుపాకీ అది. తాడు తడిస్తే పేలదు. అప్పుడు హీరో ఈటె అందుకుంటాడు, అది విరిగితే కత్తి దూస్తాడు.