సోరియాసిస్ తగ్గిన చోటే మళ్ళీ ఎందుకు వస్తుంది? ఇమ్యూనిటీ పెంచుకుంటే పోతుందా?

నేను డాక్టర్‌ని కాను. పదకొండేళ్ళుగా మోచేతుల మీద, తలలో సోరియాసిస్ ఉన్న మనిషిని. మీ రెండో ప్రశ్నకి ముందు చెప్తాను: పోదు. ఇక్కడ ఇమ్యూనిటీ తక్కువై కాదు, అనవసరంగా రెచ్చిపోయి వచ్చిన తంటా ఇది.

మొదట్లో మా ఇంట్లో అందరూ రక్తం చెడిందన్నారు. వేపాకు రసం తాగాను, వంకాయ మానేశాను. భుజాల మీద పొట్టు కనిపిస్తుందని నల్ల చొక్కాలు బీరువాలో పెట్టేశాను. మన చర్మం రంగు మీద ఈ మచ్చ ఎర్రగా కాకుండా ముదురు గోధుమగానో ఊదాగానో కనిపించొచ్చు. నాది అలాగే ఉంటే తామర అనుకుని ఏడాది పాటు తామర ఆయింట్‌మెంట్ రాశాను!

తర్వాత చర్మం డాక్టర్ దగ్గర విన్నది ఇది. పై చర్మంలో అడుగున పుట్టిన కణం పైకొచ్చి రాలిపోవడానికి మామూలుగా దాదాపు నెల పడుతుంది. సోరియాసిస్ మచ్చలో మూడు నుంచి అయిదు రోజుల్లోనే పైకొచ్చేస్తుంది. సరిగ్గా ముదరకుండానే వచ్చి ఒకదాని మీద ఒకటి పేరుకున్న కణాలే ఆ తెల్లటి పొలుసులు.

వాటిని అంత తొందరపెట్టేది తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన టీ కణాలు. చర్మంలో కాపలా ఉండే డెండ్రిటిక్ కణాలు ఐఎల్-23 అనే ప్రోటీన్ వదులుతాయి. దాంతో రెచ్చిన టీ కణాలు ఐఎల్-17 వదులుతాయి. అది తగిలిన చర్మకణాలు గబగబా పెరగడమే కాదు, మరిన్ని తెల్లకణాలని పిలిచే సంకేతాలు కూడా పంపుతాయి. వచ్చినవి మళ్ళీ వాపు పెంచుతాయి. ఇలా గొడవ దానంతటదే నడుస్తూ ఉంటుంది.

ఒకసారి బండి మీంచి పడి మోకాలు గీరుకుపోయింది. రెండు వారాలకి సరిగ్గా ఆ గీత వెంటే పొలుసులు లేచాయి. దీన్ని కోబ్నర్ లక్షణం అంటారట. అప్పట్నుంచి దురదపెట్టినా గోకను (అంటే, గోకకుండా ఉండటానికి చూస్తాను).

ఇక తగ్గిన చోటే ఎందుకంటే, మచ్చ మాయమైనా కొన్ని టీ కణాలు ఆ చర్మంలోనే ఉండిపోతాయి. పాత జ్ఞాపకం ఉన్న కణాలు. ఏదో ఒకటి కదిలిస్తే అక్కడే మళ్ళీ మొదలుపెడతాయి. ఒకాయన ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలతో నాకు పది రోజుల్లో చర్మం నున్నగా అయింది. ఆపేశాక రెట్టింపై వచ్చింది. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా ఆ మాత్రలు వేసుకోవద్దు, వేసుకుంటూ ఉంటే ఒక్కసారిగా ఆపొద్దు.

ఇప్పుడు ఐఎల్-17ని నేరుగా అడ్డుకునే సెకుకినుమాబ్ లాంటి ఇంజెక్షన్లు ఉన్నాయి. మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష చేస్తారు. ఖరీదు ఎక్కువ. నేను మాత్రం వారానికి ఒక్కరోజు మెథోట్రెక్సేట్ (ఇమ్యూనిటీ దూకుడు తగ్గించే మందు), మధ్యమధ్యలో రక్త పరీక్షలతో నెట్టుకొస్తున్నాను.

పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోవడం, మడమ నొప్పి ఉంటే మాత్రం వయసు మీద తోసేయకండి. ఈ వాపు కీళ్ళకీ పాకుతుంది, ఆలస్యమైతే కీలు పాడవుతుంది. ఆ సంగతి డాక్టర్‌కి మొదటి రోజే చెప్పండి.